మిర్చి యార్డు అనుభవం కారం వ్యాపారంలో ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ దారి తప్పించింది: ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆ వ్యాపారి అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, సొంత ఊరు, బ్రాండు, కుటుంబ వివరాలు తీసేశాను. అంకెలను నిష్పత్తి చెడకుండా కొద్దిగా మార్చాను. గుంటూరు మిర్చి యార్డు పేరు మాత్రం అలాగే ఉంచాను. యార్డు పనితీరు తెలియకపోతే ఈ కేసులో ఒక్క నిర్ణయం కూడా అర్థం కాదు. అక్కడ వందల మంది కమీషన్ వ్యాపారులు ఉన్నారు కాబట్టి అంతమాత్రాన ఆయన ఎవరో తెలిసిపోయే ప్రమాదమూ లేదు.

నా గురించి ఒక మాట చెప్పాలి. పదిహేడేళ్లు బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి, ఎనిమిదేళ్లుగా చిన్న ఆహార పరిశ్రమలకు సలహాదారుగా ఉన్నాను. ఈ కేసులో జరిగిన పొరపాట్లలో ఒకటి నాది. దాన్ని కూడా రాస్తున్నాను.

నేపథ్యం

ఈ వ్యాపారి యార్డులో 21 ఏళ్లు గడిపారు. మొదటి ఆరేళ్లు ఒక కొట్లో గుమాస్తాగా పనిచేసి, ఆ తరవాత సొంతంగా కమీషన్ కొట్టు పెట్టుకున్నారు. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) దించించడం, మచ్చు (నమూనా) తీసి కొనుగోలుదారులకు చూపించడం, ధర తెగాక కాటా వేయించడం, పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసి రైతు చేతికి డబ్బు అందేలా చూడటం ఆయన పని. సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజుకు వంద లాట్లకు తక్కువ కాకుండా ఆయన చేతి మీదుగా పోయేవి. గుప్పెడు కాయ తీసుకుని చెవి దగ్గర ఆడించి, తొడిమ విరిచి, కాయను నిలువుగా చీల్చి గింజ చూసి, తేమ ఎంత ఉంది, తాలు (రంగు పోయి పాడైన కాయ) ఎంత కలిసింది, కోసి ఎన్నాళ్లయింది అని చెప్పేవారు. ఆయన మాట మీద మచ్చు చూడకుండానే కొన్న వ్యాపారులు నాకు తెలుసు.

2023 చివర్లో ఆయన కారం మిల్లు పెట్టాలనుకున్నారు. కమీషన్ అంటే ఎప్పుడూ అమ్మకంలో కొద్ది భాగమే. కాయను పొడి చేసి పొట్లం కట్టి అమ్మేవాడికి మిగిలేది తనకు మిగలడం లేదన్నది ఆయన ఆలోచన. షెడ్డు, తొడిమలు వేరుచేసే ఏర్పాటు, దంపుడు యంత్రాలు, మెత్తగా పొడి చేసే పల్వరైజరు, ప్యాకింగ్ యంత్రం కలిపి 38 లక్షల ఖర్చు. అందులో 23 లక్షలు టర్మ్ లోన్. సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల కోసం కేంద్రం 2020లో మొదలుపెట్టిన పథకం కింద అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ వచ్చేది. దానికీ దరఖాస్తు చేశారు. నిర్వహణకు మరో 20 లక్షల లిమిట్, అంటే అవసరమైనప్పుడు వాడుకోగల బ్యాంకు అప్పు హద్దు, మంజూరైంది.

తెలిసిన రంగంలోకే దిగారు కాబట్టి అది దుడుకు నిర్ణయమని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. అమెరికాలో అతివేగంగా ఎదిగిన కొత్త సంస్థల మీద 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, వాటిని స్థాపించినవారి సగటు వయసు 45 అని తేలింది. అదే రంగంలో ముందు పనిచేసినవారికి విజయావకాశాలు ఎక్కువని కూడా అందులో కనిపించింది. మన దగ్గర బ్యాంకులు దరఖాస్తులో అనుభవం ఎన్నేళ్లని అడగడం వెనక ఉన్న నమ్మకమూ ఇదే. ఆ గడిలో "21" అన్న అంకె చూసి నేను కూడా లోతుగా వెళ్లలేదు. విజయావకాశం పదికి ఎంత అని అడిగితే ఆయన తడుముకోకుండా "పదికి పది" అన్నారు. ఆ జవాబు దగ్గర నేను ఆగి ఉండాల్సింది. 1988లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో 2,994 మంది కొత్త వ్యాపారులను ఇదే ప్రశ్న అడిగితే 81 శాతం మంది పదికి ఏడు లేదా అంతకంటే ఎక్కువని, 33 శాతం మంది పదికి పది అని చెప్పారు. సరిగ్గా సిద్ధమైనవారికి, సిద్ధం కానివారికి మధ్య ఆ ధీమాలో తేడా కనబడలేదు. కాబట్టి "పదికి పది" అన్న మాట విన్నప్పుడు, చెప్పినవారి ధైర్యం తప్ప సలహాదారుకు దాని నుంచి తెలిసేది ఏమీ లేదు.

సమస్య ఎలా బయటపడింది

అమ్మకాలు 2024 జూన్‌లో మొదలయ్యాయి. అక్టోబరులో ఆయన నా దగ్గరికి వచ్చి, సరుకు బాగానే పోతోందని, చేతిలో మాత్రం డబ్బు ఆడటం లేదని చెప్పారు. నెలకు 4 టన్నుల కారం అమ్ముడవుతుందని వేసుకున్న లెక్కకు 1.6 టన్నులే పోతోంది. అయినా కొత్త బ్రాండుకు అది తీసిపారేసే అంకె కాదు. కారం మంచిదని కొన్నవారు అంటున్నారు. లిమిట్ మాత్రం పూర్తిగా వాడేసి ఉంది.

ఆ రోజు నేను చూసినవి బ్యాంకు స్టేట్‌మెంటు, స్టాకు స్టేట్‌మెంటు, బకాయిల జాబితా. ఈ ఇబ్బంది వెనక మూడు పాత నిర్ణయాలున్నాయని తెలుసుకోవడానికి నాకు మరో ఐదు నెలలు పట్టింది.

మొదట చేసిన ప్రయత్నాలు, అవి ఎందుకు ఫలించలేదు

మొదటి సలహా నాది: లిమిట్ 20 లక్షల నుంచి 30 లక్షలకు పెంచుకోవడం. సీజను మధ్యలో నిర్వహణ పెట్టుబడి చాలడం లేదు, అమ్మకాలు ఉన్నాయి, సరుకు ఉంది, కాబట్టి లిమిట్ పెరిగితే ఊపిరి ఆడుతుందన్నది నా తర్కం. పదిహేడేళ్లు రుణ దరఖాస్తులు చూసిన కంటికి ప్రతి ఇబ్బందీ లిమిట్ చాలకపోవడంగానే కనిపిస్తుంది. నవంబరులో లిమిట్ పెరిగింది. జనవరి చివరికి ఆ 10 లక్షలూ అయిపోయాయి. బకాయిలు 8 లక్షల నుంచి 13.4 లక్షలకు చేరాయి, వాటిలో సగానికి పైగా 90 రోజులు దాటినవి. కారుతున్న తొట్టికి అడుగు చూడకుండా నేను నీళ్లు పోయించాను. ఆయనకు అదనంగా పడిన వడ్డీకి నా సలహాయే కారణం.

రెండో ప్రయత్నం ఆయనది. ఒక పెద్ద మసాలా సంస్థలో పన్నెండేళ్లు పనిచేసిన సేల్స్ మేనేజరును మంచి జీతానికి తెచ్చుకున్నారు. ఆ యువకుడు కష్టపడే మనిషి, నిజాయితీపరుడు. అయితే పాత ఉద్యోగంలో ఆయన చేసింది, ప్రచారానికి ముందే అలవాటు పడిన సరుకును దుకాణాలకు సమయానికి అందించడం. అక్కడ సరుకు అయిపోతే దుకాణదారే ఫోన్ చేసేవాడు. ఇక్కడ పేరు తెలియని పొట్లాన్ని అరలో పెట్టించుకోవడానికి బతిమాలాలి. పాత పద్ధతిలోనే స్కీములు, అదనపు మార్జిన్, నెల చివర టార్గెట్లు పెట్టారు. సరుకు డిస్ట్రిబ్యూటర్ల గోడౌన్లకు చేరింది గానీ వంటిళ్లకు చేరలేదు. నాలుగు నెలలకు ఇద్దరూ మర్యాదగానే విడిపోయారు.

ఇద్దరు అనుభవజ్ఞుల అంచనాలూ, నాది కలిపితే ముగ్గురివీ, ఒకే రకంగా తప్పడం నన్ను ఆలోచనలో పడేసింది.

మార్పు తెచ్చిన సంచి

2025 మార్చిలో మిల్లుకు వెళ్లినప్పుడు ఆయన భార్య ఒక గోనెసంచి తెచ్చి బల్ల మీద కుమ్మరించారు. అన్నీ దుకాణాల నుంచి వెనక్కి వచ్చిన అరకిలో పొట్లాలు. ఏ దుకాణం నుంచి ఎన్ని వచ్చాయో ఒక స్కూలు నోటుపుస్తకంలో ఆమె తేదీలతో సహా రాసి పెట్టారు. ఆమెకు లెక్కలు చూసే బాధ్యత ఎవరూ అప్పగించలేదు. వచ్చిన పొట్లాలను ఏం చేయాలో ఎవరూ చెప్పకపోతే రాసి ఉంచారంతే.

ఒక పొట్లం చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు కారం ఇటుకపొడి రంగుకు, అంచుల్లో పసుపుకు తిరిగింది. తిప్పి చూస్తే వెనకవైపు ఇంకా ఎర్రగానే ఉంది. పొట్లం మధ్యకు చీల్చి బల్ల మీద పోస్తే రెండు రంగుల కుప్ప అయింది. మరో పది పొట్లాలు చూశాం. ఎండ తగిలే అరల్లో, వీధి వైపు తిరిగి ఉన్న దుకాణాల నుంచి వచ్చినవే ఎక్కువగా అలా ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చిన 412 పొట్లాల్లో 300కు పైగా అలాంటి దుకాణాలవేనని ఆమె పుస్తకం చెప్పింది. కారానికి ఎరుపునిచ్చే పదార్థాలు వెలుతురుకు, గాలికి క్రమంగా విరిగిపోతాయి. పొడి చేశాక ఇది ఇంకా వేగంగా జరుగుతుంది.

పారదర్శకమైన కవరు ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, "సరుకు కంటికి కనపడకపోతే ఎవరు కొంటారు సార్?" అన్నారు. యార్డులో అది అక్షరాలా నిజం. అక్కడ మచ్చు అరచేతిలో పడాలి, పొద్దున చూపిన సరుకు సాయంత్రానికి చేతులు మారుతుంది. దుకాణపు అరలో అదే పొట్లం మూడు నెలలు ఎండ చూస్తూ కూర్చుంటుంది. 21 ఏళ్లలో ఆయన చేతిలో ఏ సరుకూ అన్నాళ్లు వెలుతురులో ఉండలేదు, కాబట్టి రంగు వెలిసిపోవడం ఆయన అనుభవంలోకి వచ్చే అవకాశమే లేదు. కాయ దాచాల్సి వస్తే చీకటిగా, చల్లగా ఉండే కోల్డ్ స్టోరేజీకి వెళ్లేది.

ఆ మధ్యాహ్నం నుంచి నేను ఆయన ప్రతి నిర్ణయానికీ ఒకే ప్రశ్న వేయడం మొదలుపెట్టాను: ఈ తెలివి మీకు ఎక్కడ వచ్చింది, అక్కడ మీరు తప్పు చేసినప్పుడు ఎన్నాళ్లకు తెలిసేది?

మూడు నిర్ణయాల మూలాలు

కవరు సంగతి చెప్పాను. రెండోది అరువు.

యార్డులో ఆయన మాట మీద లక్షల సరుకు ఇచ్చేవారు, రావలసిన డబ్బు వచ్చేది. మనిషి మొహం చూసి ఇవ్వొచ్చో లేదో చెప్పగలనని ఆయనకు గట్టి నమ్మకం. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ డిస్ట్రిబ్యూటర్లను అలాగే ఎంచుకున్నారు. పాత బాకీలన్నీ కాగితం మీద పెట్టి చూస్తే తేడా కనిపించింది. యార్డులో కొనేవాడు, అమ్మేవాడు, గుమాస్తా, ముఠా మేస్త్రీ (హమాలీల పెద్ద) అందరూ రోజూ పొద్దున అదే గేటు దాటి లోపలికి వస్తారు. ఒకరి దగ్గర డబ్బు ఎగ్గొట్టినవాడికి మర్నాడు పక్క కొట్లో మచ్చు కూడా చూపించరు. డబ్బు తిరిగి రావడానికి పెద్ద కారణం ఆ కట్టుబాటు. మనుషులను అంచనా వేసే తన నేర్పే దానికి కారణమని ఆయన ఇరవై ఏళ్లుగా అనుకున్నారు. ఎగ్గొట్టాలనుకున్నవాడికి కూడా ఎగ్గొట్టడం కుదరని చోట, మంచివాణ్ని ఎంచుకునే నేర్పుకు పరీక్ష ఎప్పుడూ జరగదు. ఆ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "అంటే నేను మనుషుల్ని చదివానని అనుకున్నది యార్డు చదివిందా?" అని అడిగారు.

మూడోది, అన్నిటికంటే బరువైనది, సరుకు నిల్వ. 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయన 600 టిక్కీల తేజ రకం కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. టిక్కీకి 42 కిలోల చొప్పున సుమారు 250 క్వింటాళ్లు, సగటున క్వింటాలు 18,600 రూపాయలు, మొత్తం 46.5 లక్షలు. అందులో 28 లక్షలు ఆ సరుకు తాకట్టు మీద తెచ్చిన అప్పు. మిల్లు అవసరానికి మించి ఎందుకు కొన్నారంటే ధర పెరుగుతుందని. ఎందుకు పెరుగుతుందని అనుకున్నారంటే 2021-22 సీజను జ్ఞాపకం. ఆ ఏడాది నల్ల తామర పురుగు ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను ఊడ్చేసింది. పంట తగ్గింది, పట్టి ఉంచినవాడి సరుకు బంగారమైంది. ఆ తరవాతి ఏడాదీ ధరలు ఎక్కువగానే నడిచాయి. యార్డులో ఎవరిని కదిపినా అప్పట్లో నిలవ పెట్టి బాగుపడినవాళ్ల కథలే. అదే పని చేసి నష్టపోయినవాళ్లు చెప్పుకోరు కాబట్టి ఆ కథలు వినబడవు.

2025 ఫిబ్రవరి నాటికి మంచి తేజ 12 వేల చుట్టూ తిరుగుతోంది. రైతులు రోడ్డెక్కారు. ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించిన సీజను అది. అప్పటికి ఆయన దగ్గర ఇంకా 250 టిక్కీలు, అంటే 105 క్వింటాళ్లు మిగిలి ఉన్నాయి. వాటి మీదే దాదాపు 7 లక్షల నష్టం, స్టోరేజీ అద్దె, వడ్డీ అదనం. తాకట్టు విలువ పడిపోయిందని కొంత డబ్బు వెంటనే కట్టమని అప్పిచ్చినవారు అడిగారు. కొత్త సీజను కాయను చవగ్గా కొని ఆడించినవారి పొట్లం పక్కన ఆయన పొట్లం ఖరీదుగా కనబడింది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన సంగతి ఉంది. కమీషన్ వ్యాపారిగా ధరల మీద ఆయన రోజూ అభిప్రాయం చెప్పేవారు, చాలామంది వినేవారు. ఆ అభిప్రాయం తప్పితే నష్టం రైతుదో కొన్నవాడిదో. ఆయన కమీషన్ పెరిగినా తగ్గినా వచ్చేది. ఏ రోజు ఏం చెప్పారో ఎవరూ రాసి పెట్టలేదు. నెల తరవాత పోల్చి చూసుకునే సందర్భమే లేదు. కాబట్టి 21 ఏళ్లు ధరల గురించి మాట్లాడారు గానీ, ధరలను ఊహించడం నేర్చుకునే అవకాశం ఆయనకు ఒక్క రోజు కూడా రాలేదని నా అభిప్రాయం.

రెండు పరీక్షలు

ఇది నా మాటగా చెబితే చాలదు, ఆయనకు ఆయనే చూడాలి. అందుకని రెండు పనులు చేశాం.

మొదటిది తేమ పరీక్ష. ఇరవై లాట్ల కాయ గిన్నెల్లో పోసి, ఎక్కడివో చెప్పకుండా ఆయన ముందు పెట్టాం. చేత్తో చూసి తేమ శాతం చెప్పాలి. ఆ తరవాత మీటరు పెడతాం. ఆయన ఒక్కో గుప్పెడూ చెవి దగ్గర ఆడించి, బొటనవేలితో కాయ నడుమ నొక్కి, అంకె చెప్పారు. 17 గిన్నెల్లో ఆయన అంకెకు, మీటరుకు ఒక శాతం తేడా కూడా లేదు. మిగిలిన మూడింటి దగ్గర, మీటరు పెట్టకముందే, "ఇవి ఇప్పుడే ఏసీలోంచి తీసిన కాయ, పైన చెమ్మ పట్టి ఉంది, నేను కచ్చితంగా చెప్పలేను" అన్నారు. యార్డు భాషలో ఏసీ అంటే కోల్డ్ స్టోరేజీ. తప్పినవి సరిగ్గా ఆ మూడే.

రెండోది ధరల పుస్తకం. ప్రతి సోమవారం, నాలుగు వారాల తరవాత తేజ ధర పెరుగుతుందా, తగ్గుతుందా, నిలకడగా ఉంటుందా అని ఒక గీత కింద రాసి, కారణం రాసి, సంతకం పెట్టాలి. వేసవి సెలవులకు యార్డు మూసిన రోజులు వదిలేసి 12 వారాలు రాశారు. సరైనవి నాలుగు. మూడు జవాబుల్లో ఒకటి కళ్లు మూసుకుని ఎంచుకున్నా వచ్చేది నాలుగే. పన్నెండు సార్లలో ఒక్కసారి కూడా "కచ్చితంగా చెప్పలేను" అని రాయలేదు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన స్పష్టత ఇంతకుముందు ఏ కేసులోనూ కలగలేదు. అనుభవజ్ఞుల సహజజ్ఞానాన్ని సందేహించిన డేనియల్ కానెమన్, దాన్ని సమర్థించిన గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి 2009లో రాసిన వ్యాసంలో ఒక అంగీకారానికి వచ్చారు: పరిస్థితుల్లో క్రమం ఉండాలి, చేసిన పని ఫలితం త్వరగా, స్పష్టంగా తెలిసే అభ్యాసం ఉండాలి, ఈ రెండూ ఉన్నచోటే ఆ జ్ఞానాన్ని నమ్మవచ్చు. కాయ తేమ విషయంలో రెండూ ఉన్నాయి. తప్పు చెబితే కొన్నవాడు సాయంత్రానికే వచ్చి గొడవపడేవాడు. మిర్చి ధర వానలు, పురుగు, విస్తీర్ణం, విదేశీ కొనుగోళ్లు, కోల్డ్ స్టోరేజీల్లో మిగిలిన పాత నిల్వలు కలిసి తేల్చేది. అందులో క్రమం తక్కువ, వ్యక్తికి అందే సవరణ దాదాపు లేదు. ఆయన చేతికి తన హద్దు తెలుసు, ఏసీ కాయ దగ్గర ఆగింది. ధరల దగ్గర అలా ఆపేది ఏదీ లేదు. అంచనా ఎక్కడ ఆగాలో తెలిసి ఉండటమే నిజమైన నేర్పుకు గుర్తుగా ఈ కేసు తరవాత నేను పట్టుకున్నాను.

ఏం చేశాం, ఏది పనిచేసింది

ముందు నిల్వ. 250 టిక్కీలు ఉంచాలా, అమ్మాలా అన్నది కష్టమైన నిర్ణయం. 18 వేలకు కొన్నది 12 వేలకు అమ్మడానికి ఆయన మనసు ఒప్పుకోలేదు. "ఇవాళ మీ దగ్గర కాయ లేదు, డబ్బు ఉంది అనుకోండి. ఈ ధరకు 250 టిక్కీలు కొంటారా?" అని అడిగాను. "ఇప్పుడున్న అమ్మకానికి వంద చాలు" అన్నారు. వంద ఉంచి మిగిలినవి అమ్మేశాం. తాకట్టు అప్పు తీరింది. ఆ తరవాత ధర ఎటు పోయినా ఈ నిర్ణయాన్ని దానితో కొలవకూడదని ముందే అనుకున్నాం, ఎందుకంటే అమ్మింది ధర మీద అభిప్రాయంతో కాదు, వడ్డీ భారం దింపుకోవడానికి. ఇక ముందు 45 రోజుల ఆడింపుకు సరిపడే కాయ మించి కొనకూడదన్నది నియమం.

అనుభవజ్ఞులైన 27 మంది వ్యాపార స్థాపకులు ఎలా ఆలోచిస్తారో సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు అధ్యయనం చేసినప్పుడు, వారిలో చాలామంది ఎంత లాభం వస్తుందన్న లెక్క కన్నా, పోతే ఎంత భరించగలం అన్న లెక్కతో మొదలుపెట్టడం కనిపించింది. మా వ్యాపారికి ఈ పద్ధతి కొత్త కాదు. కమీషన్ కొట్లో ఒక్కో కొనుగోలుదారుకు ఎంతవరకు అరువు అన్న హద్దు ఆయన మనసులో ఉండేది. సొంత బ్రాండు అనగానే ఆ హద్దు జారిపోయింది. దాన్ని కాగితం మీదికి తెచ్చాం. ఏ డిస్ట్రిబ్యూటరుకైనా రెండు బిల్లులకు మించి బాకీ ఉండకూడదు; మొదటి బిల్లు కట్టాకే మూడో లోడు. ఈ నియమంతో రెండు నెలల్లో పదకొండు మందిలో ఆరుగురు తప్పుకున్నారు. అమ్మకం 1.6 టన్నుల నుంచి 1.1కు పడింది. ఆ రెండు నెలలూ ఆయన పడిన ఆందోళన నేను చూశాను. అరువు ఆపితే అమ్మకం ఆగుతుందన్న భయం నిజమే, కానీ ఆగింది డబ్బు రాని అమ్మకం.

కవరు మార్చాం. వెలుతురు చొరని లామినేటెడ్ పౌచ్‌లో కారం, వెనక అడుగున రూపాయి బిళ్లంత కిటికీ. ఖర్చు పొట్లానికి కొంచెం పెరిగింది. తిరిగివచ్చే పొట్లాలు మూడు నెలల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గాయి. ఆ లెక్క ఇప్పుడు అధికారికంగా ఆయన భార్యదే, నోటుపుస్తకం కంప్యూటరులోకి చేరింది.

అసలు మలుపు వీటి తరవాత వచ్చింది. ఆయనకు ఉన్న నేర్పు దుకాణపు అరలో కనబడదు. ఇంటికి కొనేవారు అట్ట మీది పేరు, ధర చూస్తారు. కాయను చేత్తో చూసి కొనేవారు ఎవరు? పచ్చళ్లు పట్టి అమ్మేవారు, హాస్టళ్లకు వండే కాంట్రాక్టర్లు, కర్రీ పాయింట్లు, హోటళ్లు. వీళ్లు కారాన్ని చిటికెడు తీసి వేడి నూనెలో వేసి రంగు, వాసన చూస్తారు. గత నెల వచ్చిన ఘాటే ఈ నెలా రావాలంటారు. తేజకు ఘాటు ఎక్కువ, రంగు మధ్యస్థం. బ్యాడిగి రకానికి రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. ఆవకాయకు రెండూ కలపాల్సిన పాళ్లు వేరు, కర్రీ పాయింటుకు కలపాల్సిన పాళ్లు వేరు. ఈ కలపడంలో ఆయనకు సాటి లేరు. వారానికి ఇద్దరు ముగ్గురి దగ్గరకు స్వయంగా మచ్చు పట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు. నచ్చకపోతే అక్కడే చెబుతారు, మర్నాడు పాళ్లు మార్చి మళ్లీ తీసుకెళ్తారు. యార్డులో నేర్చుకున్న పద్ధతే ఇది, వెంటనే ఫలితం తెలిసే వ్యాపారం మళ్లీ ఆయనకు దొరికింది.

2025 వేసవి పచ్చళ్ల సీజను చాలావరకు అప్పటికే దాటిపోయింది, అందులో అందుకున్నది కొంచెమే. డిసెంబరు నాటికి నెలకు 3.1 టన్నులు అమ్ముడవుతోంది, అందులో దాదాపు మూడింట రెండు వంతులు 25 కిలోల బస్తాల్లో వెళ్లేది. బకాయిలు 4.2 లక్షలు. పాత డిస్ట్రిబ్యూటర్ల దగ్గర ఇరుక్కున్న 3.8 లక్షలు వస్తాయని మేమిద్దరం అనుకోవడం లేదు, నష్టం కింద రాసేశాం. టర్మ్ లోన్ కిస్తీలు సమయానికి వెళుతున్నాయి. లాభం ఇంకా పలచగానే ఉంది.

ఈ కేసు నుంచి నేను మార్చుకున్నవి

కొత్తవారితో మొదటిసారి మాట్లాడేటప్పుడు "ఎన్నేళ్ల అనుభవం" అని అడగడం మానేశాను. మీరు రోజూ తీసుకున్న నిర్ణయాలేమిటి, వాటిలో తప్పితే ఎవరి డబ్బు పోయేది, ఎన్నాళ్లకు తెలిసేది అని అడుగుతున్నాను. ఒక్కో నిర్ణయానికి జవాబు వేరుగా వస్తుంది. ఒకే మనిషి సరుకు ఎంపికలో నిపుణుడు, అరువులో కొత్తవాడు, ధరల్లో కేవలం శ్రోత అయ్యుండవచ్చు. అలా విడదీసి చూపిస్తే అనుభవం ఉన్నవారు నొచ్చుకోరు. ఈయన నొచ్చుకోలేదు. తేమ పరీక్ష ముందు పెట్టడం మంచిదైంది. మొదట ధరల పుస్తకం చూపించి ఉంటే ఆయన నా మాట వినేవారు కాదేమో.

సలహాదారుగా నా అనుభవానికీ ఇదే పరీక్ష పెట్టుకున్నాను. లిమిట్ పెంచమని చెప్పిన పాత కేసుల్లో ఏడాది తరవాత ఏమైందో నేను ఎన్నడూ వెనక్కి వెళ్లి చూడలేదు. ఇప్పుడు నా ప్రతి సలహా పక్కనా, అది తప్పని తేల్చే గుర్తు ఏమిటో ఆ రోజే రాస్తున్నాను.

ఒక నిర్ణయం ఇంకా మిగిలి ఉంది. ఆయన కుమారుడు యూరప్‌కు కారం ఎగుమతి చేద్దామంటున్నారు. అక్కడ కారంలో అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ బూజు విషం కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు, చెవి దగ్గర ఆడిస్తే వినబడదు. పోయిన నెల ముగ్గురం కూర్చున్నప్పుడు ఆయన కాసేపు గుప్పెట్లో కాయ తిప్పుతూ ఉండి, "ఇందులో నాకు ఒక్క లాటు అనుభవం కూడా లేదు సార్. ముందు రెండు టిక్కీల మచ్చు ల్యాబుకు పంపుదాం, అది వచ్చాక మాట్లాడదాం" అన్నారు. మచ్చు వెళ్లింది. రిపోర్టు కోసం చూస్తున్నాం.